పరిశోధన ఫలితం ఊరికి తిరిగి రావాలి

పర్యావరణం మీద ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసే విద్యార్థులు ఏటా మన డెల్టా ఊళ్లకు వస్తుంటారు. చేతిలో సీసాలు, మట్టి సంచులు, ప్రశ్నల కాగితాలు ఉంటాయి. యనమదుర్రు డ్రెయిన్‌లో నీళ్లు పట్టుకుంటారు. కొల్లేట్లో పక్షులను లెక్కపెడతారు. కోరింగ మడ అడవుల్లో మట్టి తీస్తారు. వరి రైతును, కొబ్బరి రైతును, రొయ్యల చెరువు మీద పనిచేసే కూలీని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. మనవాళ్లు పని ఆపుకుని ఉన్నదున్నట్టు చెబుతారు. ఆ తర్వాత ఆ నీళ్లలో ఏముందో, ఆ మట్టిలో ఏం తేలిందో ఊరికి తెలియదు. విద్యార్థికి పట్టా వస్తుంది, రైతుకు ఒక్క కాగితం కూడా రాదు.

ఇది విద్యార్థుల మీద ఫిర్యాదు కాదు. వాళ్లలో చాలామంది మన పిల్లలే. ఈ పద్ధతి మారాలని, మార్చమని అడగాల్సింది మనమేనని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ పరిశోధనలు ఎక్కడికి పోతున్నాయి? పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. అవి శోధగంగ అనే జాతీయ భాండాగారంలో చేరుతున్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కానీ మన నేల మీద జరిగిన పరిశోధన దాదాపు అంతా ఇంగ్లీషులో, వందల పేజీల్లో ఉంటుంది. తలుపు తెరిచే ఉంది, లోపలి మాట మాత్రం మనకు అర్థం కాదు. ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులకు ఆ మాత్రం దారి కూడా లేదు. చాలావరకు కాలేజీ బీరువాల్లోనే ఉండిపోతాయి.

ఇదే పని ఒక కంపెనీ చేస్తే చట్టం ఏమంటోంది? 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన ప్రాజెక్టుకు కంపెనీ తన నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. లాభం కోసం వచ్చే కంపెనీకి ఉన్న బాధ్యత, ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయానికి ఉండొద్దా?

కాగితాల గొడవ మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. మన డెల్టాలో ఇప్పుడు నడుస్తున్న తగాదాలు చూడండి. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడులయ్యాయి. భీమవరం దగ్గర ఆక్వా ఫుడ్ పార్కు వస్తే గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామాల జనం ఏళ్ల తరబడి పోరాడారు, కేసులు మోశారు. కోనసీమ రైతులు 2011లో సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారుదల కూడా ఎత్తిచూపారు. ఇలాంటి ప్రతి తగాదాలోనూ అధికారుల నోట మొదట వచ్చే మాట ఒకటే: ఆధారాలు ఏవి?

కంపెనీ దగ్గర లెక్కలుంటాయి, అవి తాను డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్ రాసినవి. ప్రభుత్వం దగ్గర లెక్కలుంటాయి, అవి ఎప్పుడు బయటికి వస్తాయో ప్రభుత్వం ఇష్టం. కంపెనీ సొమ్ము తీసుకోకుండా, రెండు మూడేళ్లు అదే డ్రెయిన్ వెంట తిరిగి నీటిని కొలిచే మనిషి తరచుగా ఆ పరిశోధక విద్యార్థి ఒక్కరే. సార్వాలో ఉప్పు ఎంత, దాళ్వాలో ఎంత, చెరువులు ఖాళీ చేసే రోజుల్లో ఎంత అన్నది ఆ నోటు పుస్తకంలో ఉంటుంది. మనం కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తున్నప్పుడు ఆ పుస్తకం ఎక్కడో బీరువాలో ఉంటుంది.

ఆధారం బలం ఎంతో మన తీరానికి అనుభవమే. తీరప్రాంత రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వట్టి వాదనల మీద నిలబడలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో తిరిగి ఇచ్చిన నివేదికలు దానికి ఆధారం. అంతకు ముందు 1964లో ఏ.సి. మిత్ర నాయకత్వంలోని నిపుణుల సంఘం కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. ఆ తర్వాత 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. డ్రెయిన్ల బాగు కోసం డెల్టా రైతు తన జేబు నుంచి పన్ను కట్టాడు. కాబట్టి ఈ డ్రెయిన్ల మీద ఎవరేం కనుక్కున్నా అది తెలుసుకునే హక్కు మనకు ఎప్పుడో వచ్చింది.

పరిశోధన రైతుకు ఏం ఇవ్వగలదో చెప్పడానికి మన మార్టేరు చాలు. 1925లో మొదలైన ఆ వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 వచ్చింది. దాని గురించి గోదావరి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. అయితే స్వర్ణ ముంపుకు తట్టుకోలేదు. ఒడిశా ముంపు నేలల్లో రైతులు తరతరాలుగా కాపాడుకున్న ఒక నాటు రకానికి ఆ శక్తి ఉంది. ఆ శక్తినిచ్చే జన్యువు ఎక్కడుందో 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెనాంగ్ షు అనే పరిశోధక విద్యార్థి, తన గురువు డేవిడ్ మెకిల్‌తో కలిసి గుర్తించాడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని స్వర్ణలోకి ఎక్కించింది. స్వర్ణ సబ్-1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల వరకు నీట మునిగినా తేరుకునే వరి అది. ఒడిశా రైతు విత్తనం, మార్టేరు విత్తనం, ఒక విద్యార్థి చదువు, మూడూ కలిస్తే పుట్టింది. ఆ చదువు థీసిస్ దగ్గరే ఆగిపోయి ఉంటే అది పొలానికి వచ్చేదే కాదు.

మరోవైపు, మనకు చేరాల్సినంతగా చేరని పరిశోధన కూడా ఉంది. గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 2000-2006 నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించారు. ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు నిలిచిపోవడం, ఇక్కడ తీరం కోసుకుపోవడం ముడిపడి ఉన్నాయని వాళ్లు చెప్పారు. ఈ డెల్టాను కట్టిందే ఒండ్రు. అది తగ్గితే సముద్రం ముందుకొస్తుంది, ఉప్పు పైకెక్కుతుంది. తీర గ్రామాల రైతుకు ఇంతకంటే ముఖ్యమైన వార్త ఏముంటుంది? దీన్ని మన గ్రామసభల్లో ఎన్నిచోట్ల చర్చించారు?

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. పరిశోధన అంటే మన ఊళ్లలో భయం ఉంది. ఆ భయానికి కారణమూ ఉంది. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువు గట్లు కొట్టేశారు. లెక్కలు రాసుకుని పోయినవాళ్ల వెనక పొక్లెయిన్లు వస్తాయని అక్కడి పేదలు అనుకుంటే తప్పు పట్టలేం. కానీ కొలవకపోతే ఎవరికి లాభం? ఉప్పుటేరు పూడుకుపోయి వరద వెనక్కి తన్నితే మునిగేది చుట్టుపక్కల వరిచేలే. పెద్ద చెరువు ఎవరిది, బినామీ ఎవరు, ఇంత జిరాయితీ పోగొట్టుకున్న చిన్న రైతు ఎవరు అన్నది విడదీసి చూపే పరిశోధన జరిగితే ముందుగా బాగుపడేది ఆ చిన్న రైతే.

అన్ని ఫలితాలూ మనకు అనుకూలంగానే రావు. మన సభ్యుల్లో వరి రైతులున్నారు, ఆక్వా రైతులూ ఉన్నారు. చెరువు నీళ్లు పంట బోదెలోకి వదిలితే పక్క చేను చౌడుబారుతుందని లెక్క తేలితే, అది మనలోనే ఒకరికి చేదుగా ఉంటుంది. ఆ మాట కూడా వినాల్సిందే. మనకు నచ్చిన లెక్కనే ఒప్పుకుంటే రేపు కంపెనీ కూడా అదే చేస్తుంది.

విద్యార్థుల కష్టమూ మనం తెలుసుకోవాలి. నెట్, జేఆర్ఎఫ్ వచ్చిన కొద్దిమందికి ఫెలోషిప్ ఉంది. అది లేని పీహెచ్‌డీ విద్యార్థికి కేంద్ర విశ్వవిద్యాలయంలో అయితే నెలకు 8,000 రూపాయలు ఇస్తారు. నన్నయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లకు ఆ పథకం వర్తించదు. బస్సు చార్జీ, నీటి పరీక్షల ఖర్చు సొంతంగా పెట్టుకునే విద్యార్థి ఎన్ని ఊళ్లు తిరగగలడు? ఒక్కసారి పట్టిన సీసా నీళ్లతో డ్రెయిన్ సంగతి తేలదు. రోడ్డు పక్క పొలం యజమానిని అడిగి వెళితే కౌలు రైతు గోడు కాగితం మీదికి రాదు. పరిశోధనకు డబ్బు లేకపోతే ఆ లోటు చివరికి మన మీదే పడుతుంది.

అందుకే మన సంఘం ఈ కోర్కెలను ముందుకు తేవాలి.

ఒకటి, గోదావరి జిల్లాల నేల, నీరు, చెట్టు మీద జరిగే ప్రతి పీహెచ్‌డీ, ఎమ్మెస్సీ పరిశోధనకు తెలుగులో రెండు పేజీల సారాంశం తప్పనిసరి చేయాలి. అది నమూనా తీసిన గ్రామ పంచాయతీకి, రైతు సేవా కేంద్రానికి చేరాలి.

రెండు, నన్నయ, ఆంధ్ర, ఎన్.జి. రంగా వ్యవసాయ, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయాలు పరిశోధన అంశాలు ఖరారు చేసేముందు ఏటా ఒకసారి రైతు, కౌలు రైతు, మత్స్యకార సంఘాలను పిలిచి మాట్లాడాలి.

మూడు, ప్రజల నీరు, పంటల మీద పనిచేసే రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు రాష్ట్ర ప్రభుత్వమే ఫెలోషిప్, పరీక్షల ఖర్చు ఇవ్వాలి.

నాలుగు, సర్వేల్లో కౌలు రైతులను, వ్యవసాయ కార్మికులను, మహిళలను విడిగా అడగాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా మనం చేయగలిగిందీ ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టాలి. డ్రెయిన్‌కు ఉప్పు ఏ నెలలో ఎక్కింది, గుర్రపుడెక్క ఎప్పుడు తీశారు, చేపలు ఏ రోజున చచ్చాయి, ముంపు ఎన్ని రోజులుంది అని తేదీలతో రాయాలి. విద్యార్థి వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించాలి. ఊళ్లో ఉండే మనిషి పదేళ్లు రాసిన లెక్క ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. వచ్చినవాళ్ల పేరు, విశ్వవిద్యాలయం, గైడ్ పేరు అదే పుస్తకంలో రాసుకోవాలి. ఏడాది తర్వాత ఉత్తరం రాసి, ఏం తేలిందో అడగాలి. అప్పటికీ జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, విశ్వవిద్యాలయమూ దాని కిందికే వస్తుంది.

వచ్చే గ్రామ కమిటీ సమావేశంలో ప్రతి ఊరూ మూడు ప్రశ్నలు రాసి జిల్లా కార్యాలయానికి పంపాలని కోరుతున్నాం. మీ ఊరి నేల గురించి, నీటి గురించి మీకు తెలియాల్సినవి, ఇప్పటిదాకా ఎవరూ కొలవనివి రాయండి. వాటిని కలిపి నాలుగు విశ్వవిద్యాలయాలకూ మనమే అందజేద్దాం.