సీటు దొరికితే చాలదు, పాఠం అందాలి

ఇటుకల లోడుతో వెళ్తున్న లారీ ఎదురుగా వస్తున్న ఆటోను ఢీకొన్నది. ఆటోపై లారీ ప్రయోగించిన బలం ఎక్కువా? లారీపై ఆటో ప్రయోగించిన బలం ఎక్కువా? న్యూటన్ మూడవ నియమాన్ని గడగడా అప్పజెప్పే విద్యార్థులు సైతం చాలామంది లారీదే ఎక్కువ అంటారు. నిజానికి రెండు బలాలూ సమానం. ద్రవ్యరాశి తక్కువైనందున అదే బలానికి ఆటో ఎక్కువగా చెదిరిపోతుంది, అంతే.

1990 ప్రాంతంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాథమిక భౌతికశాస్త్రం బోధిస్తున్న ఎరిక్ మజూర్ ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. కఠినమైన లెక్కలు చేయగల ఆయన విద్యార్థులు ఇటువంటి సాదా ప్రశ్నల వద్ద తడబడ్డారు. లోపం విద్యార్థుల బుద్ధిలో కాదు, తన బోధనా పద్ధతిలో ఉన్నదని ఆయన గ్రహించారు. 1991 నుంచి తరగతి నడిపే తీరు మార్చారు. కొద్ది నిమిషాలు పాఠం, వెంటనే ఒక ప్రశ్న. ప్రతి విద్యార్థీ ముందుగా తనంతట తానే ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. పిదప పక్కవారితో రెండు మూడు నిమిషాలు చర్చించి మళ్లీ ఎంచుకోవాలి. ఆఖరున అధ్యాపకుని వివరణ. ఇప్పుడే అర్థం చేసుకున్న విద్యార్థికి తాను ఎక్కడ తికమకపడిందీ ఇంకా గుర్తుంటుంది. ఎన్నడో నేర్చుకున్న గురువు దానిని మరచిపోయి ఉంటారు. ఈ పద్ధతికి బలం అదే.

ఇటువంటి బోధనపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో అమెరికా పరిశోధకులు క్రోడీకరించారు. కేవలం ఉపన్యాసం సాగిన తరగతులలో సుమారు 34 శాతం, విద్యార్థులు పాల్గొన్న తరగతులలో సుమారు 22 శాతం ఫెయిలయ్యారు. 2020లో వెలువడిన మరో పరిశీలన మనకు మరింత ముఖ్యమైనది. ఇటువంటి తరగతులలో అక్కడి మైనారిటీ, పేద విద్యార్థులకూ ఇతరులకూ నడుమ పరీక్షా మార్కులలోని అంతరం 33 శాతం, ఉత్తీర్ణతలోని అంతరం 45 శాతం తగ్గాయి.

కారణం ఊహించలేనిది కాదు. ఉపన్యాసం అర్థం కాకపోతే కలవారి బిడ్డ ట్యూషన్‌కు వెళ్తాడు, లేదా ఇంట్లో చదువుకున్నవారిని అడుగుతాడు. కుటుంబంలో మొట్టమొదటగా కళాశాల మెట్టెక్కిన మన బిడ్డ ఎవరిని అడగాలి? ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లిషు ఉపన్యాసం ముందు కూర్చున్న అమ్మాయి ఎవరిని అడగాలి? తనకు సైన్సు రాదని తానే తీర్పు చెప్పుకుంటుంది. ఇంట్లోవారూ ఆ తీర్పుపై సంతకం చేస్తారు. అదే రెండు నిమిషాలు తన భాషలో పక్కమ్మాయితో మాట్లాడనిస్తే ఆ తీర్పు మారవచ్చు.

సిలబస్ పూర్తికాదని అధ్యాపకులు అనవచ్చు. మజూర్ తన విద్యార్థులను పాఠం ముందుగానే చదివి రమ్మన్నారు. తరగతిని అర్థం చేసుకోవడానికి కేటాయించారు. విద్యార్థుల సంఖ్య ఎక్కువన్నదీ అడ్డంకి కాదు. ఆయన చేసి చూపినది పెద్ద తరగతులలోనే. ఖరీదైన యంత్రాలూ అక్కరలేదు. ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు అట్టముక్కలు చాలు.

సీట్ల కోసం, ఉపకారవేతనాల కోసం మనం వినతిపత్రాలు ఇచ్చాము. ఇవ్వాలి కూడా. అయితే సీటు పొందిన బిడ్డ తరగతిలో ఏమీ అందక వెనుదిరిగితే ఆ హక్కు కాగితంపైనే మిగులుతుంది. తల్లిదండ్రులారా, కళాశాల సమావేశాలకు వెళ్లినప్పుడు ఫీజుల గురించే కాక, పాఠం ఎలా చెబుతున్నారో కూడా అడగండి. మొహల్లాలలో సాయంత్రపు చదువుల కేంద్రాలు నడుపుతున్న మిత్రులారా, కళాశాలలు మారేవరకు ఆగనక్కరలేదు. రేపే ఒక ప్రశ్న వేసి, పిల్లలను మాట్లాడనివ్వండి.