అంకె కనబడినంత మాత్రమున చాలునా?

విద్యార్థులు స్వహస్తములతో యంత్రములు కూర్చుకొనుట మిక్కిలి మెచ్చదగిన పని. గాలిలోని ధూళిని కొలుచు సెన్సారును ఒక చిన్న మైక్రోకంట్రోలరునకు తగిల్చి, అందులో ఫర్మ్‌వేరు అనబడు ఆదేశముల వరుసను నింపి, తెరమీద అంకె కనబడగానే “పనిచేయుచున్నది” అని చప్పట్లు చరచుట సహజము. ఆ సంతోషమును మేము తక్కువ చేయము. కాని అంకె కనబడుట వేరు, ఆ అంకె నిజమగుట వేరు. ఈ భేదమును తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పైరుపచ్చలతో నిండిన తెనాలి, బాపట్ల, రేపల్లె సీమకు ఈ కొలతలతో పనియేమని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. కోతలైన పిదప కొన్ని చేలలో తగులబెట్టు గడ్డి, ధాన్యపు మిల్లుల ఊకబూడిద, కట్టెలపొయ్యి, వీధిమొగలో కాలు చెత్త, ఇవి మన కన్నుల యెదుట ఉన్నవే గదా! పొగలో 2.5 మైక్రాన్లకు మించని నలుసులు ఊపిరితిత్తుల లోతట్టునకు చేరును. ఇరువదినాలుగు గంటల సగటున ఘనమీటరు గాలిలో అట్టి నలుసులు 60 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశమున 2009లో నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో 15 చాలునన్నారు. అమరావతి సచివాలయమునొద్ద కాలుష్య నియంత్రణ మండలివారి కొలత కేంద్రము కలదు. అది తన చుట్టుపట్ల గాలిని చెప్పును గాని, నగరం గ్రామములోని ఒక వీధి గాలిని చెప్పజాలదు. కావున మన బడిలో మన కొలత యుండుట యుక్తమే.

అయితే ఆ కొలత యెట్లు జరుగునో తెలియవలెను. ఔత్సాహికులు విరివిగా వాడు ఎస్డీఎస్ 011 అను సెన్సారునే చూడుడు. అందులోని పంకా గాలిని లోనికి లాగును. లేజరు కిరణము ఆ గాలిమీద పడును. నలుసులు చెదరగొట్టిన వెలుగును బట్టి అది లెక్క కట్టును. పెంకుటింటి కంతనుండి దూరిన ఎండలో ధూళిరేణువులు మెరయుట మీరెరిగినదే, ఇదియు నట్టిదే. అనగా ఈ సెన్సారు నలుసులను తూచదు. వెలుగును చూచి బరువు నూహించును.

ఇక ఫర్మ్‌వేరు సంగతి. సెన్సారు పలుకు తీగ మైక్రోకంట్రోలరు వినుచోట తగులవలెను. పలుకుచోటును పలుకుచోటుతోనే కలిపినచో ఇరువురును మాటలాడుటయే గాని వినువారుండరు. సెన్సారు పది బైట్ల కట్టలను పంపుచుండును. కట్ట మొదట 170, చివర 171 ఉండవలెను. తొమ్మిదవ బైటు అంతకు ముందరి ఆరింటి మొత్తమును 256 చేత భాగింపగా మిగిలిన శేషముతో సరిపోవలెను. సరిపోనిచో ఆ కట్టను త్రోసివేయవలెను. నాలుగవ బైటును 256 చేత గుణించి, మూడవదానిని కలిపి, 10 చేత భాగించిన వచ్చునదే పీఎం 2.5 అంకె. మూడవది 94, నాలుగవది 1 అయినచో మొత్తము 350. అనగా గాలిలో నున్నది 35. చివరి భాగహారమును మరచినవాడు మంచిగాలిలో కూర్చుండి ఊరు మునిగిపోయినదని కేకలు వేయును! తరగతిలో చేయు లెక్కకు ఇంతకంటె మంచి ప్రయోజనమేమి కావలెను?

లెక్క సరియైనను తేమ మోసగించును. 70 శాతమునకు మించిన తేమలో ఈ సెన్సారు పనికిరాదని దానిని చేసినవారే చెప్పియున్నారు. మనది కడలి చెంతనున్న సీమ. శీతకాలపు వేకువలలో మంచు కురియునపుడు నీటిబిందువులును, తేమ పీల్చి ఉబ్బిన ఉప్పు నలుసులును లేజరునకు పొగవలెనే తోచును. ప్రభుత్వ కేంద్రములలో వాడు బీటా కిరణ యంత్రములు గాలిని వెచ్చజేసి తేమను తగ్గించి కొలుచును. కొన్నివేల రూపాయల మన సెన్సారులో ఆ యేర్పాటు లేదు. కావున ప్రక్కనే తేమను కొలుచు సాధనమును కూడ అమర్చి, రెండంకెలను జంటగా వ్రాసికొనవలెను. సెన్సారు ఆయువు 8000 గంటలందురు. సంవత్సరమునకు 8760 గంటలు. ఎడతెగక త్రిప్పినచో ఏడాది తిరుగకమునుపే అలసిపోవును. దానిని నిద్రపుచ్చి, మేల్కొలిపి, పంకా కొంతసేపు తిరిగిన పిదపనే కొలుచునట్లు ఫర్మ్‌వేరు వ్రాయుట మేలు.

2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరవాసులు ఇట్టి సెన్సారులతోనే ప్రజల కొలత నారంభించిరి. నేడది సెన్సార్ కమ్యూనిటీ అను పేర పెక్కు దేశములకు వ్యాపించినది. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీవారు 2020 ప్రాంతమున తమ ఆవరణలో తొమ్మిది చిన్నయంత్రములను నిలిపి, ఐదు నెలలకు పైగా అంకెలు సేకరించి, ఒకదానితో నొకటి సరిచూచిరి. ఒక్క సెన్సారు మాటను ఒక్కనాటిలో నమ్మలేదు.

మేమింత పట్టుపట్టుటకు కారణము కలదు. ఉబ్బసముతో బాధపడు బిడ్డగల తండ్రి ఈ అంకెను చేతబట్టుకొని పొరుగు రైతునో మిల్లు యజమానినో నిలదీయవచ్చును. అంకె తప్పైనచో నిరపరాధిపై నింద పడును. ఇరుగుపొరుగుల నడుమ పగ మిగులును. అంతటితో పోదు. “నాన్నా, పులి” కథలోని బాలుని గతియే మనకును పట్టును. నిజముగా పొగ క్రమ్మిననాడు మన మాట వినువారుండరు, ఆ బిడ్డ దగ్గు మాత్రము అట్లే యుండును.

కావున మా సూచన యిది. మొదట రెండు సెన్సారులను ఒకచోట ప్రక్కప్రక్కన పక్షము దినములుంచి, అవి ఏకీభవించునో లేదో చూడుడు. ఏకీభవించినను రెండును కలిసి తప్పు చెప్పవచ్చును. కావున అనుమతి పొంది వానిని నమ్మదగిన యంత్రము చెంత కొన్నాళ్లుంచి భేదమును గుర్తింపుడు. అటుపిమ్మటనే బడి గోడమీద అంకెను వ్రాయుడు. ప్రక్కనే తేమను, వేళను, సెన్సారు వయస్సును వ్రాయుడు.

దీనికి పరీక్షలో మార్కులు రావని తల్లిదండ్రులు చింతింపనక్కరలేదు. చూచినదానిని తిరిగి పరీక్షింపక యితరులకు చెప్పరాదను అలవాటు చిన్ననాడే అబ్బవలెను. పరీక్షించి నిజమని తేలినపిదప భయపడి దాచరాదను అలవాటును దానితోడనే అబ్బవలెను. ఈ రెండును నేర్చిన విద్యార్థి చేతిలో ఆ పిన్నయంత్రము ఊరికి ఉపకారి యగును.