పెరటిలోని యెజ్డీ

ఈ శీర్షిక క్రింద ఇంతవఱకు వంటయిల్లు, పసిబిడ్డలు, పండుగలు, పథ్యములు వీనిని గూర్చియే వ్రాయుచు వచ్చితిని. ఈ మాసమున మోటారుసైకిలును గూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వుదురేమో. నవ్వినను సరియే. పెరటిమూలనో మెట్లక్రిందనో గోనెపట్టా కప్పుకొని యొక పాతబండి పడియుండని వీధి మా సంగారెడ్డిలో లేదు. మగవారు దానిని కొందురు, నడుపుదురు, ఒకనాడు ప్రక్కన నిలిపెదరు. దానిచుట్టును ఊడ్చుటయు, దానిమీద బట్టలారవేయుటయు, కడపట దానిని తుక్కువానికి తూచి యిచ్చుటయు మనపని.

మా గోడ కావలి యింట నొక పెద్దమ్మగారు కలరు. ఆమె భర్త రామచంద్రాపురమున నొక కర్మాగారములో ముప్పదియేండ్లు పనిచేసిరి. 1984లో కొన్న యెజ్డీ రోడ్‌కింగు బండిమీద తెల్లవాఱకమునుపే బయలుదేరి మొదటి షిఫ్టునకు పోవుచుండెడివారు. ఆయన గతించి నాలుగేండ్లయినది. నాటినుండి ఆ బండి జామచెట్టు క్రిందనే నిలిచియున్నది. చక్రములలో గాలి పోయినది. ఆసనముపై పిల్లి కాపురము పెట్టినది. దూరదేశమున నున్న కుమారుడు ఫోను చేసినప్పుడెల్ల "అమ్మా, ఆ తుక్కు ఇంకా తీసెయ్యలేదా?" అని యడుగుచుండెను. తుక్కువాడు వచ్చి, చుట్టును తిరిగి చూచి, నాలుగు వేల రూపాయలిచ్చెదననెను. బండి బరువు సుమారు 140 కిలోలు. ఇనుము ధర లెక్కకట్టిన వాడు మోసగించినట్లును కాదు.

పెద్దమ్మగారు నన్ను సలహా యడిగిరి. నేనును కుమారుని పక్షమే వహించితిని. ఇనుము ఇనుమే గదా, దానిమీద మమకారమేల యని పురాణమొకటి చెప్పితిని. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

ఆ వారమే మా వారి పూర్వశిష్యుడొకడు వారిని చూడవచ్చెను. పటాన్‌చెరులో లేతు మిషను పెట్టుకొని బ్రదుకుచున్న యువకుడు. గోడమీదుగా జామచెట్టు క్రిందికి చూచి, కాఫీ గ్లాసు చేతిలో నుండగనే నిలిచిపోయెను. "సార్, గది రోడ్‌కింగు గాదా? ఎవరిది?" అని యడిగెను. తుక్కువాని సంగతి విని, "అమ్మా, వద్దని చెప్పుండ్రి. ఒక్క ఆదివారం ఆగుమనుండ్రి" అని నన్ను బ్రతిమాలెను. వాని స్వరమునందలి తొందర జూచి, గోడ ప్రక్కకు పోయి పెద్దమ్మగారితో ఆ మాట చెప్పితిని.

ఈ బండి పుట్టుపూర్వోత్తరములు తరువాత తెలిసికొంటిని. 1929లో ప్రేగు నగరమున జానెచెక్ అను నాతడు వాండరర్ అను జర్మను బండి నమూనాను గైకొని మోటారుసైకిళ్ళు చేయనారంభించి, రెండు పేర్ల మొదటి అక్షరములను కలిపి జావా యని పేరిడెను. 1960-61 ప్రాంతమున ఇరానీ కుటుంబమువారు మైసూరులో ఐడియల్ జావా యను కర్మాగారమును నెలకొల్పి ఆ బండ్లను మన దేశముననే చేయించిరి. 1970వ దశాబ్దమున వానికి యెజ్డీ యను పేరు వచ్చినది. 1996లో కర్మాగారము మూతపడినది. 2022లో అదే పేరుతో క్రొత్తబండ్లు వచ్చినవి గాని వాని ఇంజను వేఱు. కావున పాత యెజ్డీకి విడిభాగము కావలయుననిన చేసి యిచ్చు కర్మాగారము లేదు. పాతబండ్లను విప్పి తీసినదో, ఎవరో పోతపోసి అమ్మునదో దొరకవలయును, లేనిచో చేయించుకొనవలయును.

చేయించుకొనుటకు మన ప్రాంతమువంటి చోటు మఱియొకటి లేదని ఆ కుఱ్ఱవాడు గర్వముతో చెప్పెను. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ఈ మూడింటి నడుమ పెద్ద కర్మాగారముల నీడను చిన్న చిన్న లేతుకొట్లు మొలచినవి. పగలు మందుల కర్మాగారములకు పంపుల ఇరుసులు చెక్కు చేయి, రాత్రి పాతబండికి బుష్షు చెక్కగలదు. అచ్చు పోయిన బోల్టును చేతబట్టుకొని పోయి "ఇట్టిదే యొకటి" యనిన చాలును. ప్రభుత్వపు స్కూటర్ల కాలమున మన రాష్ట్రమునుండి ఆల్విన్ పుష్పక్ అను స్కూటరు లాంబ్రెట్టా ఇంజనుతో వెలువడినది. దానినిగూడ ఇట్లే బ్రదికించుకొనుచున్నవారు కలరట. పుష్పకమని పేరు పెట్టినవారెవరో రసికులు. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండెడి విమానమది. మన యిండ్ల స్కూటర్లకు అంతకన్న తగిన పేరు లేదు: ముందు నిలువబడిన బిడ్డ, నడుమ నొకడు, వెనుక తల్లి, ఆమె యొడిలో మఱియొకడు.

ఆదివారమునాడు అయిదుగురు వచ్చిరి. ఒకడు బ్యాంకు గుమాస్తా, ఒకడు మందుల కర్మాగారమున రసాయనజ్ఞుడు, ఒక వృద్ధుడు పదవీవిరమణ చేసిన ఫిట్టరు. ఒకరికొకరు బంధువులు కారు. పాతబండి యొక్కటే చుట్టఱికము. జూలై నెల రెండవ ఆదివారమున జావా, యెజ్డీ బండ్లవారందఱు ఊరూర గుమిగూడి తిరుగుట ఆచారమట; వీరు పరిచితులైనదియు అక్కడనే. వీరిలో ఎవరును కూలి పుచ్చుకొనరు. సామానుల వెలమాత్రము బండివారు భరింపవలయును. పెద్దమ్మగారు జొన్నరొట్టెలును గోంగూర పచ్చడియు చేసిపెట్టిరి.

వారు చేసిన పనిలో మనకు తెలిసిన విద్యయే యెక్కువగా నుండుట చూచి ఆశ్చర్యపడితిని. నాలుగేండ్లు కదలని ఇంజనును కాలితో తన్ని తిప్పుట మహాపరాధమట. లోపల పిస్టను త్రుప్పుపట్టి బిగిసియుండును, తన్నినచో విఱుగును. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున కొంత నూనె పోసి, రెండు దినములు నాననిచ్చి, పిమ్మట చక్రమును చేతితో మెల్లగా ముందునకు వెనుకకు కదల్చిరి. మూడవనాడు కదలినది. పెట్రోలు తొట్టి లోపల ఎఱ్ఱని త్రుప్పు పొరలు పొరలుగా నున్నది. దానిని పోగొట్టుటకు ఏ ఘాటైన ద్రావకము తెత్తురో యని నేను చూచుచుండగా, రసాయనజ్ఞుడు నిమ్మ ఉప్పు పొట్లము తీసెను! వేడినీళ్ళలో కలిపి తొట్టినిండ పోసి ఒక రాత్రి యుంచి, మఱునాడు వంటసోడా నీళ్ళతో కడిగి, యెండలో ఆఱబెట్టి, వెంటనే లోపల నూనె తడిపిరి. ఆ తడియాఱిన వెంటనే నూనె పట్టింపకున్న జాముసేపటిలో మరల త్రుప్పు వచ్చునట. ఇనుప పెనమును కడిగి ఆఱబెట్టి నూనె రాసెడి మనకు ఇది యొకరు చెప్పవలయునా?

సిలిండరు అఱిగిపోయినది. దానిని లేతుకొట్టుకు కొనిపోయి కొంచెము పెద్దదిగా తొలిపించి, దానికి సరిపడు పెద్ద పిస్టనును వేసిరి. ఆ పిస్టను రాణిగంజిలో దొరకలేదు, మైసూరునుండి తెప్పింపవలసి వచ్చినది. దానికై ఆఱు వారములు పట్టినది. ఇంజనులోని రబ్బరు సీళ్ళు అప్పడములవలె పెళుసెక్కియుండుటచే అన్నిటిని మార్చిరి. పెట్రోలు గొట్టమును కూడ మార్చిరి. ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలునందు నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరును చెఱచును. కావున బండిని నెలల తరబడి నిలుపువారు తొట్టిలో పెట్రోలు నిలువ యుంచరాదని ఫిట్టరు తాత గట్టిగా చెప్పెను.

నల్లనూనె సంగతి యొకటి వచ్చినది. గేరుపెట్టెనుండి తీసిన పాతనూనెను ఒక కుఱ్ఱవాడు కాలువలో పాఱబోయుటకు లేవగా రసాయనజ్ఞుడు చేయి పట్టుకొనెను. పటాన్‌చెరు కర్మాగారముల మురికి నక్కవాగును విషము చేయగా ఆ యొడ్డు పల్లెల చేలును బావులును చెడి, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయినది. "పెద్దోళ్ళను తిట్టుకుంట మనం గూడ గదే చేద్దామా?" అని యాతడు నూనెను డబ్బాలో పోసి మూత బిగించి, పాతనూనెను శుద్ధి చేయువారికిచ్చుటకు తనతో కొనిపోయెను. వేపుడు నూనెను మోరీలో పోయు అలవాటు నాకును ఉండెడిది. ఆనాటినుండి మానితిని.

ఇంజను మరల బిగించిననాడు వీధివీధియంతయు చేరినది. నాలుగవ తన్నునకు బండి పలికెను. పొగలో మేమందఱము దగ్గుచు చప్పట్లు చఱచితిమి. పెద్దమ్మగారు మాత్రము వంటయింటి గుమ్మమున నిలువబడి తలయడ్డముగా నూపిరి.

"అట్ల గాదు, నాయనా. ఎడమ గొట్టం పలుకుతలేదు."

కుఱ్ఱవాండ్రు మొగమొగములు చూచుకొనిరి. రోడ్‌కింగునకు సిలిండరు ఒకటియే యైనను పొగగొట్టములు రెండు. తాత వంగి ఎడమగొట్టము చివర అరచేయి యుంచి చూచెను. గాలి సన్నగా వచ్చుచున్నది. విప్పి చూడగా లోపలి జల్లెడ యంతయు మసి గట్టిపడి మూసికొనియున్నది. ఆ పని వారు మఱచిరి. ఆమె చెవి మఱవలేదు.

అప్పుడు గదా మాకు తెలిసినది! ఈ బండికి పెట్రోలులో నూనె కలిపి పోయవలయును. లీటరునకు సుమారు 40 మిల్లీలీటర్లు. ఎక్కువైన మసిపట్టును, తక్కువైన పిస్టను కాలిపట్టుకొనును. ముప్పదియేండ్లు ఆ నూనె కొలిచినది పెద్దమ్మగారే. భర్త తెల్లవాఱుజామున పోవలసియుండుటచే రాత్రియే చిన్న గాజుగ్లాసుతో కొలిచి సిద్ధపఱచెడివారట. ఉదయమున బండి చప్పుడు వీధి మలుపువఱకు విని, అది సరిగానున్న పిదపనే తలుపు వేసికొనెడివారట. ఈ సంగతి నాలుగేండ్లలో ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు.

ఖర్చు మాట దాచుట న్యాయము కాదు. సామానులకును తొలిపింపునకును మొత్తము 38,000 రూపాయలైనవి. ఆమె పింఛనులోనుండి మూడు విడతలుగా ఇచ్చిరి. కుమారుడు కోపపడెను. అతని కోపము నిష్కారణమని నేననజాలను. ఆ సొమ్ముతో ఆమె కండ్ల శస్త్రచికిత్స జరుగవలసియుండెను, అది మూడు మాసములు వెనుకబడినది. నన్నడిగిన ముందు కన్ను, తరువాత బండి యని చెప్పియుందును. ఆమె నన్నడుగలేదు.

ఈ పాతబండ్ల ప్రియులందఱును ధర్మరాజులు కారని కూడ చెప్పవలయును. పనిజరుగుచున్న దినములలోనే యొక పెద్దమనిషి కారులో వచ్చి, ఎంతో జాలి చూపి, పదివేలిచ్చెదను ఇచ్చివేయుమనెను. చక్కగా బాగుచేసిన ఇట్టి బండ్లు లక్షకు మించి పోవుచున్నవి. భర్త పోయిన యిండ్లను వెదకికొని తిరుగువారు కలరు. కావున మీ యింట పాతబండి యున్నయెడల తుక్కువానితోగాని జాలిగలవానితోగాని బేరమాడకమునుపు, ఆ బండిని తెలిసిన ఇద్దఱినడిగి వెల తెలిసికొనుడు. ఆర్.సి. పత్రము ఎక్కడనున్నదో ముందు వెదకుడు. పత్రము లేని బండికి తూకపు వెలయే మిగులును.

పత్రముల విషయమున పెద్దమ్మగారు పడిన పాట్లు మీకు రాకుండునుగాక. యజమాని మరణించినచో ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేసి, మూడు మాసములలో ఫారము 31 పెట్టి వారసుల పేరునకు మార్పించుకొనవలయునని చట్టము. దుఃఖములో నున్నవారికి ఇది యెవరు చెప్పుదురు? నాలుగేండ్లు గడచుటచే ఆమె ఆలస్యపు రుసుములు చెల్లింపవలసి వచ్చినది. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకమాఱు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలయును. ఆ రుసుము 2022లో 1,000 రూపాయలైనది; 2025 ఆగస్టునుండి ఇరువదియేండ్లు దాటినవానికి 2,000 చేసిరి. ఏబదియేండ్లు నిండిన బండ్లకు 2021 నియమముల ప్రకారము ప్రత్యేకమైన గుఱుతు ఇత్తురు గాని, వానిని నిత్యము వాడుకొనరాదు. పెద్దమ్మగారి బండికి ఆ గౌరవము 2034 వఱకు రాదు. అంతవఱకు మనుమరాలు దానిమీద తిరుగవచ్చును. ఆ పిల్ల ఇప్పటికే నేర్చినది. తన్నెడి కడ్డీయే గేరుకడ్డీగా కూడ మాఱెడి విచిత్రమునకు రెండు దినములు తికమకపడి, మూడవనాడు పోతిరెడ్డిపల్లి చౌరస్తా వఱకు పోయివచ్చినది. నూనె మాత్రము నేటికిని ఆ గాజుగ్లాసుతోనే, ఆ చేతితోనే.

మొన్న ఆర్.సి. పత్రము ఇంటికి వచ్చినది. ఇల్లు కుమారుని పేరున, పొలము మఱదుల పేరున నున్నవి. బండి యొక్కటి ఆమె పేరున వచ్చినది. పెద్దమ్మగారు కండ్లద్దములు తెప్పించుకొని, పత్రమును వెలుతురునకు పట్టి చదివి, తన పేరులో ఒక అక్షరము తప్పుపడినదని కనిపెట్టిరి. ఎవరెంత వారించినను వినక, దానిని దిద్దించుటకు సోమవారము మరల కార్యాలయమునకు పోవుచున్నారు. తోడు రమ్మని నన్నడిగిరి.