మోటారు బండికి గేర్లు ఏల?

ఎద్దుబండికి గేర్లు లేవు. మోటారు బండికి ఉన్నవి. ఎద్దులకంటె ఎన్నో రెట్లు సత్తువ గల యంత్రమునకు, ఎద్దుల కక్కరలేని ఈ సాధనము ఏల కావలసివచ్చెను? పై తరగతి విద్యార్థులను ఒకనాడు ఈ ప్రశ్న అడిగితిని. "వేగముగా పోవుటకు" అని పెక్కుమంది చెప్పిరి. ఒక్క బాలుడు "గుట్ట ఎక్కుటకు" అనెను. గుట్ట దిగుటకని ఒక్కరును అనలేదు. ఎవరును చెప్పని ఆ మాటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

మన నల్లగొండ, పాలమూరు సీమలలో మోటబావులను ఎరిగిన పెద్దలు ఇంకను గలరు. నీటితో నిండిన మోటను పైకి లాగుటకు ఎద్దులు వాలుబాటను దిగుచుండెడివి. వాని తీరు చూడుడు: అడుగు కదలకమునుపే, నిలిచినచోటనే కాళ్లూని మెడ వంచి తమ బలమంతయు చూపగలవు. బురదలో కూరుకొనిన బండిని లాగునప్పుడును అంతే. ఆవిరియంత్రమునకును ఈ గుణము కలదు. కావుననే ఆవిరి రైలింజన్లలో సాధారణముగా గేర్లపెట్టె లేకుండెను. నేటి విద్యుత్తు కార్లలో పెక్కింటికి మార్చవలసిన గేర్లు లేకపోవుటకును కారణ మిదియే.

పెట్రోలు, డీజిలు ఇంజన్ల స్వభావము వేరు. నిలిచిన ఇంజనుకు బలము సున్న. తాను తిరుగుచున్నగాని అది గాలిని పీల్చుకొనలేదు, నొక్కలేదు, ఇంధనమును మండించుకొనలేదు. నిమిషమునకు ఏడెనిమిది వందల చుట్లకు మిక్కిలి తగ్గినచో ఆగిపోవును. ఇక చక్రము సంగతి: కారు చక్రము ఒక్క చుట్టు తిరిగిన ఇంచుమించు 2 మీటర్లు సాగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు 500 చుట్లు. మనిషి నడకతో సమానముగా 6 కిలోమీటర్ల వేగమున 50 చుట్లు మాత్రమే. ఇంజనును చక్రమునకు సూటిగా తగిలించినచో బండి కదలకమునుపే ఇంజను చచ్చును. అందుచే మొదటి గేరులో చక్రము ఒక్కమారు తిరుగుటకు ఇంజను ఇంచుమించు 15 మార్లును, పై గేరులో 3 లేక 4 మార్లును తిరుగునట్లు పండ్లచక్రములను అమర్చిరి. చుట్లు తగ్గినకొలది తిప్పుబలము పెరుగును. గడ్డపారతో బండను లేపువాడు ఇవతలి కొనను మూరెడు దించిన, అవతల బండ బెత్తెడు లేచును గదా! ఇదియు అట్టి బేరమే. ఉచితముగా వచ్చినది ఏమియు లేదు.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో హక్కుపత్రము పొందిన మూడుచక్రముల బండికి వేగమొక్కటే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, ఇద్దరు కుమారులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైబడిన దారిని, పయనించెను. మిట్టలు వచ్చినప్పుడు దిగి బండిని త్రోయవలసివచ్చెను. తిరిగివచ్చిన పిదప ఆమె సూచనపై బండికి మరియొక తక్కువ గేరు చేర్చిరందురు. ఈ భాగము పలువురు చెప్పుదురు. పల్లములలో బ్రేకులు అరిగిపోగా ఆమె దారిలో ఒక చర్మకారునిచేత వానికి తోలు తొడిగించుకొనిన సంగతిని మాత్రము తక్కువమంది తలతురు. ఎక్కుటయు దిగుటయు రెండును కష్టములే యని ఆ తల్లికి ఒక్క ప్రయాణములోనే తెలిసినది.

నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు గేరు మార్చుట ఒక విద్య. వేగములను సరిపుచ్చు సులువైన అమరిక 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో అప్పుడే పుట్టినది. అది లేని బండ్లలో క్లచ్చిని రెండుమారులు త్రొక్కి, ఇంజను ధ్వనిని చెవులతో కనిపెట్టి మార్చవలసియుండెను. లేనిచో పండ్లు కరకరలాడెడివి. ఆనాటి డ్రైవరు గేరును మరచుటకు వీలు లేకుండెను.

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు త్రోవ మన్ననూరు కడ నల్లమల నెక్కి, అమ్రాబాదు మిట్టపై సాగి, దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణలోయలోనికి మలుపులు తిరుగుచు దిగును. ఇదంతయు పూర్వపు మహబూబునగరు జిల్లా. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లా. కొన్నియేండ్ల క్రిందట బాలురతో ఆనకట్టను చూడబోవుచు ఒక అద్దె బండిలో ఆ పల్లము దిగితిమి. డ్రైవరు గేరుకమ్మిని నడుమకు లాగి, బండిని దాని మానాన విడిచెను. పెట్రోలు మిగులునట! కొంతసేపటికి కాలిన వాసన వచ్చెను. బండి నాపించి చూడగా చక్రములవద్ద చేయి పెట్టరాని వేడి.

ఆ వేడి ఎక్కడిది? 10,000 కిలోల బస్సు 300 మీటర్ల ఎత్తు దిగినచో వెలువడు శక్తి ఇంచుమించు 100 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. గేరు తీసివేసిన బండిలో ఆ వేడిలో చాలభాగము బ్రేకులే భరింపవలయును. మితిమీరి కాగిన బ్రేకు ఎంత త్రొక్కినను పట్టదు. తక్కువ గేరులో నున్నచో చక్రములే ఇంజనును త్రిప్పవలసివచ్చును. ఆ శ్రమచే బండి తనంతట నెమ్మదించును. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలయునని పాత డ్రైవర్లు చెప్పుట ఇందుకే. పెట్రోలు మిగులుననుటయు నేటి బండ్లకు సరిపడదు. గేరులో నుండి త్రొక్కుడు విడిచి దిగునప్పుడు నేటి ఇంజన్లలో పెక్కు ఇంధనమును తామే ఆపుకొనును. న్యూట్రలులో మాత్రము ఇంజను ఆరిపోకుండుటకై కొంత కాల్చుచునే యుండును. ఇక ఇంజనునే ఆపివేయువారి సంగతి: రెండుమూడుమార్లు త్రొక్కగనే బ్రేకు బిగిసి రాయివలె నగును.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో, లైసెన్సు కోరువాడు పల్లము దిగునప్పుడు తక్కువ గేరునకు త్వరగా మార్చి చూపవలెనని కలదు. చదునైన మైదానమున ఈ విద్యను ఎట్లు పరీక్షింతురో నాకు బోధపడదు. పరీక్ష వాలున జరుగవలెను. వాలు లేనిచోట మట్టిపోసియైన కట్టవలెను. మా భౌతికశాస్త్ర పాఠములలోను గిరకయు తులాదండమును బోధించి ఊరకుందుము. వానినుండి గేరుపెట్టెకు ఒక్క అడుగే దూరము, ఆ అడుగు వేయించము. ఈ దోషములో నాకును పాలు కలదు.

ఆనాడు చక్రములు చల్లారువరకు చెట్టుక్రింద కూర్చుండి, గడ్డపార, ఎద్దుల దృష్టాంతములతో ఆ డ్రైవరునకు ఇదంతయు చెప్పితిని. మరలివచ్చునప్పుడు మన్ననూరు ఘాటువద్ద అతడు మాటలాడకుండ రెండవ గేరు వేసెను. ఇంజను మ్రోగుచు, బండి నెమ్మదిగా దిగినది. క్రిందికి చేరిన పిదప అతడు, "పన్నెండేండ్లనుంచి నడుపుతున్న సారూ, ఈ ముచ్చట మాకెవరు చెప్పినారు?" అనెను.