త్రాగునీరు – ముందుచూపు

ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో జయించెను. ఆ సీమలోని పెక్కు పల్లెలకు మాత్రము శత్రువు కోటలో కాక నేలలోనే దాగియున్నాడు. రాళ్లనుండి కరగి బావినీటిలో చేరు ఫ్లోరైడే ఆ శత్రువు. నెల్లూరు జిల్లాలో ఈ నీటివలన ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధి కలుగుచున్నదని వైద్యులు 1937లోనే ప్రకటించిరి.

ఫ్లోరైడునకు రంగు లేదు. నీరు కాచినను అది పోదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని త్రాగినచో ఎదుగు పిల్లల దంతములపై మచ్చలు పడును. ఇంకను హెచ్చినచో ఏండ్లు గడచుకొలది నడుము వంగిపోవును.

పటిక, సున్నము కలిపి దీనిని తొలగించు ‘నల్లగొండ పద్ధతి’ కలదు. సన్నని పొరలగుండ నీటిని వడగట్టు యంత్రములును కలవు. అయితే యంత్రమునకును వార్ధక్యము తప్పదు. పొరలు పాడైనను కుళాయినుండి నీరు వచ్చుచునే యుండును. చూచుటకు తేటగానే యుండును. చెడిన పిమ్మట బాగుచేయుదమను మాట ఇతర వస్తువుల విషయమున చెల్లునేమో గాని ఇచ్చట చెల్లదు. ఆ లోపము కంటికి కనబడునప్పటికే పిల్లలకు హాని జరిగియుండును.

కనుక నీటిని తఱచు పరీక్షింపవలెను. క్రొత్త యంత్రమునకు వలయు ధనమును ఏటేట కూడబెట్టవలెను. పాతది మూలబడకముందే క్రొత్తదానిని నిలుపవలెను. ఆత్మకూరు ప్రాంతమున పెన్నానదిపై సోమశిల జలాశయము కలదు. ఆ నీటిని మెట్టపల్లెలకు చేర్చుట ఇంతకన్న శాశ్వతమైన మార్గము. అయినను దానికిని ఇసుక వడపోతయు, క్రిమిసంహారమును, నిత్యపోషణయు తప్పవు.

వానకు ముందే చెరువుకట్ట చూచుకొను రైతు వివేకమే ఇచ్చటను వలయును.