గది వేరైనా గల్లా వేరు కాకూడదు

మార్చి దగ్గర పడుతోందంటే చాలు, మహిళా స్టార్టప్ పోటీల పోస్టర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి. వాటితోపాటే పాత తగువూ లేస్తుంది. ఈసారి లేవనెత్తింది మా బరంపురంలోనే ఇంటింటికీ సరుకులు చేరవేసే యాప్ నడుపుతున్న ఒక కుర్రాడు. ఒక మీటింగు అయ్యాక అందరం టీ తాగుతుంటే సూటిగా అడిగాడు. "అక్కా, కోడ్‌కి ఆడా మగా ఉంటుందా? సరుకు బాగుంటే కొంటారు, లేదంటే లేదు. మీకు వేరే పోటీ, వేరే డబ్బు ఎందుకు?"

అతను కుళ్ళుతో అడగలేదు. ఇంటి మీద అప్పు తెచ్చి కంపెనీ నడుపుతున్నాడు. అతని బాధ న్యాయమైనదే, కాబట్టి జవాబూ నికరంగా ఉండాలి. నా జవాబు ఇది. నేర్చుకునే చోటు ఆడవాళ్ళకి వేరుగా ఉండాలి, అదీ మా ఊళ్ళోనే ఉండాలి. డబ్బు ఇచ్చే చోటు, సరుకు కొనే చోటు మాత్రం వేరుగా ఉండకూడదు. మన దగ్గర ఇప్పుడు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు, తగువంతా అక్కడే ముడిపడుతోంది.

నేను బరంపురం అంకులిలో మా మేడ మీద గదిలోంచి కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాను. 1936లో ఒరిస్సా ప్రావిన్సులో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు మాది. ఇక్కడి కొట్లలో షావుకారు తెలుగులో బేరమాడతాడు, గుమాస్తా ఒడియాలో పద్దు రాస్తాడు, జీఎస్టీ వాళ్ళకి ఇంగ్లీషు కావాలి. అందుకని మూడు భాషల్లో బిల్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేశాను. చెప్పినంత తేలిక కాదది. కొట్లలో వాడే చవక థర్మల్ ప్రింటర్‌కి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తెలుసు గాని, ఒడియా యుక్తాక్షరాలు తెలియవు, తెలుగు వత్తులు తెలియవు. వాటిని బొమ్మగా మార్చి పంపాలి. బిల్లంతా బొమ్మ చేస్తే కాగితం నత్తనడక నడుస్తుంది, దసరా రద్దీలో కొనేవాళ్ళు వరస వదిలి పోతారు. చివరికి సరుకు పేరున్న ముక్కని మాత్రమే బొమ్మగా పంపి, తూకం, ధర, మొత్తం ప్రింటర్ సొంత అక్షరాల్లోనే పడేలా చేశాను. అప్పటికి గాని కొట్లో నిలబడి చూపించగలిగే వేగం రాలేదు.

దాన్ని పెద్ద బజారులో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టుకి పట్టుకెళ్ళాను. ప్రింటర్ పెట్టె మోసుకొచ్చిన కుర్రాడు నా దగ్గర కొత్తగా చేరినవాడు, ఐటీఐ చదువుతున్నాడు. షావుకారుగారు నాకు మర్యాదగానే కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ వాణ్ణే అడిగారు. కరెంటు పోతే లెక్క ఉంటుందా బాబూ, రేపు చెడిపోతే ఎవరొస్తారు బాబూ అని. వాడు నా వంక చూడటం, నేను చెప్పటం, ఆయన తలూపి మళ్ళీ వాడి వైపే తిరగటం. లేచేముందు, "ఇంతకీ ఇది రాసిందెవరమ్మా?" అన్నారు. నేనే అన్నాను. ఆయన నమ్మలేదని కాదు. ఆ మాట పెట్టుకోవడానికి ఆయన మనసులో చోటు లేదంతే. కొనటం మాత్రం కొన్నారు, ఈ రోజుకీ వాడుతున్నారు.

కోడ్‌కి ఆడా మగా లేదన్న మాట నిజం. కొనేవాడి చూపుకి ఉంది. పెట్టుబడి పెట్టేవాడి చూపుకి ఇంకా ఎక్కువగా ఉంది, దాన్ని కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో 2014లో వచ్చిన ఒక పరిశోధనలో ఒకే వ్యాపార ప్రతిపాదనని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించారు. విన్నవాళ్ళలో 68 శాతం మంది మగ గొంతుకే డబ్బు పెడతామన్నారు. న్యూయార్క్‌లో టెక్‌క్రంచ్ పోటీ వేదిక మీద స్టార్టప్‌లని మదుపరులు అడిగిన ప్రశ్నలని డానా కాంజీ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళూ విడదీసి చూశారు. మగవాళ్ళని అడిగిన ప్రశ్నల్లో 67 శాతం "ఎంత పెరుగుతావు?" అన్న తీరువి. ఆడవాళ్ళని అడిగినవాటిలో 66 శాతం "మునగకుండా ఎలా ఉంటావు?" అన్న తీరువి. అప్పు కోసం ఒక బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఈ రెండో రకం నాకూ ఎదురైంది. మావారు గ్యారంటీ సంతకం పెడతారా, బిడ్డ చిన్నది కదా పని ఆగిపోతే కిస్తీ ఎలా కడతారు అని అడిగారు. ఎన్ని కొట్లు వాడుతున్నాయి, వచ్చే ఏడు ఎన్నవుతాయి అని అడిగి ఉంటే చెప్పటానికి నా దగ్గర కాగితాలున్నాయి. ఎవరూ అడగలేదు.

కాంజీ పరిశోధనలో నాకు పనికొచ్చిన ముక్క ఇంకొకటుంది. "మునిగితే ఎలా?" అన్న ప్రశ్నకి కూడా "ఇలా పెరుగుతాను" అని బదులిచ్చినవాళ్ళు ఎక్కువ డబ్బు తెచ్చుకున్నారు. అలా బదులివ్వటం నేర్చుకుంటే వస్తుంది. నాకది వచ్చింది ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఒక శిక్షణ బ్యాచ్‌లో. అక్కడ ఒకరినొకరం బ్యాంకు మేనేజర్లమై అడుక్కున్నాం. నిజంగా ఎదురైన ప్రశ్నలే అడుక్కున్నాం, మర్యాద కోసం మెత్తబరచలేదు. మగవాళ్ళు పక్కన కూర్చుని ఉంటే గర్భంతో ఉన్నప్పుడు క్లయింటు దగ్గర ఎలా నెట్టుకొచ్చామో, అత్తగారింట్లో రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే ఏమంటారో మాలో ఒక్కరం నోరు విప్పేవాళ్ళం కాదు. ఈ సంగతులు వ్యాపారానికి పక్కనున్నవి అనుకుంటారు. మా ధరలు, మా గడువులు, ఎవరిని పనిలో పెట్టుకుంటామన్నది, అన్నీ వీటి మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంకో సంగతి చెప్పాలి, పెద్ద ఊళ్ళలో కూర్చుని ఈ తగువు పడేవాళ్ళకి బొత్తిగా కనబడనిది. గంజాం జిల్లా మగవాళ్ళు తరాలుగా సూరత్ మరమగ్గాల మీద పనికి పోతున్నారు. అలా పోయిన ఒకాయన కూతురు నాకు తెలుసు. తల్లి అప్పడాలు చేస్తుంది. ఫోనులో వచ్చే ఆర్డర్లని వరసలో పెట్టి, ఎండ లేని రోజున ఎవరికి ముందు, ఎవరికి వెనక ఇవ్వాలో చెప్పే చిన్న యాప్ ఆ పిల్ల సొంతంగా రాసుకుంది. భువనేశ్వర్‌లో మూడు నెలల శిబిరానికి రమ్మన్నారు. ఇక్కడికి దాదాపు 170 కిలోమీటర్లు. ఇంట్లో తండ్రి లేడు, నాయనమ్మది మాట. ఆవిడ అడిగింది ఒక్కటే: "అందరూ ఆడపిల్లలేనా?" కాదన్నారు. పిల్ల వెళ్ళలేదు. నాయనమ్మ అలా అడగకూడదని నేను వంద వ్యాసాలు రాయగలను, ఆ వ్యాసాలతో ఆ పిల్ల రైలెక్కదు. ఆడవాళ్ళ బ్యాచ్ అని బోర్డు ఉంటే ఎక్కేది. ఆ బ్యాచ్ బరంపురంలోనే ఉంటే రైలు ప్రసక్తే లేదు.

అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు ఖాతాదారులైన మహిళలతో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే మొదలైన ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. ఒకే శిక్షణకి కొందరిని ఒంటరిగా, కొందరిని ఒక స్నేహితురాలితో కలిపి రమ్మన్నారు. తోడుతో వచ్చినవాళ్ళే తర్వాత ఎక్కువగా అప్పు తీసుకుని దాన్ని వ్యాపారంలో పెట్టారు. ఆడ తోడు ఉంటే ఆడమనిషి అడుగు ముందుకి పడుతుందన్న సంగతి తెలుగువాళ్ళకి పరిశోధన చెప్పాల్సిన పని లేదు గాని, లెక్క ఉంటే అధికారులు వింటారు.

మన దగ్గర దీనికి దారి వేసినవాళ్ళు లేకపోలేదు. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో డ్వాక్రా సంఘాలు అల్లుకుపోయాయి. 1993లో కె. రమాదేవి గారు మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ పెట్టి, హైదరాబాద్ శివార్లలో గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ కట్టించారు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు "ముందు మహిళ" అన్న నినాదంతో జరిగింది. 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం వి హబ్ తెరిచింది, మహిళల కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వమే నడిపే మొట్టమొదటి ఇంక్యుబేటర్ దేశంలో అదే. నాకు వీటన్నిటిలోకీ గాజులరామారం ఎక్కువ ఇష్టం. అక్కడ ఇచ్చింది ఉపన్యాసాలు కాదు, ఫ్యాక్టరీ కట్టుకోవడానికి స్థలం. అందులో తయారైన సరుకు ఆడా మగా తేడా లేని బజారుకే పోయింది.

ఇక గల్లా సంగతి. ఇక్కడ ఆ కుర్రాడి అభ్యంతరంలో బలముంది, అయితే అతను అనుకున్న కారణం వల్ల కాదు. మహిళా నిధి అతనికి అన్యాయం చేస్తుందో లేదో గాని, మాకే దెబ్బ కొట్టగలదు. ఇజబెల్ సొలాల్, కైసా స్నెల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా స్టార్టప్‌లని పరిశీలించారు. మొదటి విడత పెట్టుబడి మహిళా మదుపరుల దగ్గరే తెచ్చుకున్న మహిళల కంపెనీలకి, మగ మదుపరులు కూడా ఉన్నవాటితో పోలిస్తే, రెండో విడత దొరికే అవకాశం సగమే ఉంది. కంపెనీ బాగుందని ఇచ్చారా, ఆడమనిషని ఇచ్చారా అని తర్వాత వచ్చేవాళ్ళు శంకిస్తారు. ఆ శంక తప్పే. కాని దాని ఖరీదు కట్టేది మేము. నా గోడ మీద మహిళా విభాగం షీల్డు ఒకటుంది. కొట్లో బిల్లు కొట్టి చూపిస్తే నా సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోయింది. ఆ షీల్డు చూపించి నేను ఒక్క లైసెన్సు కూడా అమ్మలేదు.

ప్రత్యేక నిధికి ఇంకో తెగులూ ఉంది. 2024 చివరినాటికి కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లు లక్షా 57 వేలు దాటాయి, వాటిలో 73,000 పైచిలుకు కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉన్నారు. వినడానికి ఎంతో బాగుంది. కాని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి చట్టం ప్రకారం ఇద్దరు డైరెక్టర్లు తప్పనిసరి. రెండో పేరుగా భార్యదో తల్లిదో రాయటం మన వీధుల్లో అందరికీ తెలిసిన పద్ధతి. మహిళలకి రాయితీ ఎంత పెరిగితే అలాంటి పేర్లు అంత పెరుగుతాయి. ఆ పేర్ల చాటున నిజంగా కంపెనీ నడిపే ఆడమనిషి కనబడకుండా పోతుంది.

అమెరికాలో ఈ వివాదం కోర్టుకెక్కింది. నల్లజాతి మహిళల వ్యాపారాలకి 20,000 డాలర్ల చొప్పున గ్రాంటు ఇచ్చే ఫియర్‌లెస్ ఫండ్ మీద 2023లో కేసు వేశారు. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ గ్రాంటుని ఆపింది, సెప్టెంబరులో రాజీ కుదిరి ఆ పోటీనే మూసేశారు. మనకా భయం లేదు. రాజ్యాంగం 15(3) అధికరణం మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలుని ప్రభుత్వానికి ఇచ్చింది. చట్టం అడ్డు రానప్పుడు ఆ వీలుని దేనికి ఖర్చుపెడుతున్నామన్నదే మనం చూసుకోవాలి.

నేను కోరేది పెద్ద కోరికేమీ కాదు. బరంపురంలో ఎస్టీపీఐ సాఫ్ట్‌వేర్ పార్కు ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, సైన్సు సంస్థ ఐసర్ ఉంది, పాలూరు కొండల దగ్గర ఇంజినీరింగ్ విద్యాసంస్థ నిస్ట్ ఉంది. వీటిలో ఏదో ఒకచోట మహిళల బ్యాచ్ పెట్టండి. పొద్దున పదింటికి మొదలుపెట్టి మూడింటికి వదలండి, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవాలి. పాఠం ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పండి, ఇంగ్లీషు రాకపోతే తెలివి లేదనుకునే పద్ధతి గుమ్మం బయటే ఆగిపోవాలి. పిల్లని ఎత్తుకుని వచ్చే తల్లికి పక్క గదిలో ఒక ఆయాని పెట్టండి. ఒడిశా స్టార్టప్ విధానం మహిళలకి నెలవారీ భత్యం కొంచెం ఎక్కువ ఇస్తోంది, మంచిదే. ఆ అదనాన్ని ఈ ఆయా జీతానికి ఇచ్చినా నాకు సంతోషమే.

బ్యాచ్ చివరి రోజున మాత్రం జ్ఞాపికలు వద్దు. ఆ రోజు తలుపులు తెరిచి పెద్ద బజారు షావుకార్లని, పట్టుచీరల దుకాణాలవాళ్ళని, మెడికల్ కాలేజీ చుట్టూ ఉన్న ల్యాబులవాళ్ళని, బ్యాంకు మేనేజర్లని పిలవండి. ఆ యాప్ కుర్రాణ్ణీ, అతనిలాంటి మగపిల్లల కంపెనీలనీ అదే హాల్లో పక్క బల్లల మీద కూర్చోబెట్టండి. ఎవరి సరుకు బాగుంటే వాళ్ళది కొనమనండి. ప్రభుత్వ ఆఫీసులు కొనే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆర్డర్లు కూడా ఆ హాల్లోనే తేల్చండి. మూడేళ్ళు పోయాక ఆ బ్యాచ్ ఆడవాళ్ళలో ఎందరికి సొంత ఖాతాదారులున్నారు, ఎందరు వేరొకరికి జీతం ఇస్తున్నారు, ఎందరి అప్పు వాళ్ళ సంతకం మీదే మంజూరైంది అన్నది పత్రికల్లో వేయించండి.

టీ దగ్గర ఆ కుర్రాడికి ఇంత విడమరిచి చెప్పే వీలు లేకపోయింది. చివరి రోజు హాలు మాట ఒక్కటే చెప్పాను. "అలాగైతే నాకేం అభ్యంతరం లేదక్కా, నా బల్ల మీ బల్ల పక్కనే వేయించండి" అన్నాడు.