ఎకో బాగుందంటే బ్లాకులు లేవని కాదు

"గుండెకు స్కానింగ్ తీయించినం, అంతా మంచిగనే ఉందన్నరు." నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ వైపు ఈ మాట ఎవరు ధీమాగా చెప్పినా నాకు గుబులు పుడుతుంది. ఉచిత వైద్య శిబిరాల్లో తీసేది టూడీ ఎకో. గుండె రక్తనాళాల్లో పేరుకున్న పూడిక అందులో కనపడదు. ఈ ముక్క విడమరిచి చెప్పేవారు లేక, పొలం గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఛాతీ బిగపట్టే మనిషి కూడా ఆ కాగితాన్నే నమ్ముకుని గ్యాస్ మాత్ర మింగుతున్నాడు.

ఎకో పనికిరాదని అనడం లేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, జెల్ రాసి, పక్కటెముకల సందులోంచి చూస్తే గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో, కవాటాలు సరిగా మూసుకుంటున్నాయో లేదో, ఏ గోడ కదలికైనా తగ్గిందేమో తెలుస్తుంది. రిపోర్టులో 'ఈఎఫ్ 60 శాతం' (గుండె కొట్టుకున్నప్పుడల్లా బయటికి నెట్టే రక్తం వాటా) అని ఉంటే గుండె కండరం ఆ కాసేపు బాగానే పనిచేసిందని అర్థం. ఆ కండరానికి రక్తం తెచ్చే నాళాల సంగతి ఆ అంకెలో ఉండదు. మూడు నాళాల్లో గట్టి బ్లాకులున్న మనిషికి కూడా, కదలకుండా పడుకుని ఉన్నప్పుడు, ఎకో నిక్షేపంగా రావచ్చు.

నాళాలు ఎందుకు కనపడవంటే, ఎకో ధ్వనితో చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష. ఛాతీ లోతుకు చేరాలంటే ఆ ధ్వనికి తక్కువ పౌనఃపున్యం ఉండాలి. పెద్దవాళ్లకు మామూలుగా 2 నుంచి 4 మెగాహెర్ట్జ్ వాడతారు. అంత లోతుకు పోయే ధ్వనికి సన్నని వివరం చిక్కదు. చూడాల్సిన నాళమేమో 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, గుండెతో పాటు ఆగకుండా కదులుతుంటుంది.

అదే ధ్వనిని నాళం లోపలికి తీసుకెళ్తే సంగతి వేరు. నాళం లోపలి నుంచి తీసే ఆ అల్ట్రాసౌండ్‌ను ఐవస్ అంటారు. చేతి నుంచో తొడ నుంచో పంపిన, మిల్లీమీటరు మందం గొట్టం కొసన ఉన్న పరికరం 20 నుంచి 60 మెగాహెర్ట్జ్ ధ్వనితో నాళం గోడను చుట్టూ చూస్తుంది. గొట్టాన్ని మెల్లగా వెనక్కి లాగుతుంటే గోడ పొరలు వలయాలుగా తెర మీదికొస్తాయి. నాళాల్లోకి మందు పంపి ఎక్స్‌రేలో చూసే యాంజియోకు అందనిది ఇదే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్టు మీద నిలబడితే నీళ్ల పారకం కనపడుతుంది, అడుగున మేట ఎంతుందో కనపడదు. యాంజియో కూడా మందు పారే దారినే చూపిస్తుంది, గోడలోని కొవ్వును కాదు. పూడిక 40 శాతం దాకా పెరిగినా నాళం బయటికి ఉబ్బి లోపలి దారిని కాపాడుకుంటుందని 1987లోనే సీమోర్ గ్లాగవ్ బృందం చూపించింది.

అయితే ఐవస్‌కూ హద్దులున్నాయి. పూడిక ఎంతుందో, నాళం అసలు వెడల్పెంతో బాగా కొలుస్తుంది. కాల్షియం గడ్డకట్టిన చోట మాత్రం ధ్వని వెనక్కి తిరుగుతుంది, ఆవలంతా నీడే. కొవ్వును కప్పిన పొర 65 మైక్రాన్ల కన్నా పలచబడితే చిట్లే ప్రమాదం ఎక్కువ. ఐవస్ చూపు 100 మైక్రాన్ల దగ్గరే ఆగుతుంది. కాబట్టి రేపు చిట్లబోయేది ఏదో అది కచ్చితంగా చెప్పలేదు.

గుండె ముప్పు తెలుసుకోవడానికని మెడ నాళానికి తీసే అల్ట్రాసౌండ్ సంగతీ చెప్పాలి. 1987-90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, పిల్లలకు పోషకాహారం ఇచ్చి చూశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక పరిశోధకులు వాళ్ల మెడ నాళం గోడ మందాన్ని ఈ పద్ధతిలోనే కొలిచారు. వేలమందిని పోల్చి చూసే పరిశోధనకు అది పనికొస్తుంది. ఒక్క మనిషికి గుండెపోటు ముప్పు లెక్కగట్టడానికి మామూలుగా వాడవద్దని 2013లో అమెరికా హృద్రోగ సంఘాలు చెప్పేశాయి.

ఐవస్ నిజంగా అక్కరకొచ్చేది స్టెంట్ వేసేటప్పుడు. దక్షిణ కొరియాలో క్లిష్టమైన బ్లాకులున్న 1,639 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఐవస్‌తోనో, కాంతితో చూసే ఓసీటీతోనో లోపల చూసి స్టెంట్ వేసినవారిలో సుమారు రెండేళ్లలో గుండె జబ్బుతో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స లాంటి కీడు 7.7 శాతం. యాంజియో ఒక్కటే చూసి వేసినవారిలో 12.3 శాతం. కాబట్టి ప్రధాన నాళంలోనో, చీలిక దగ్గరో బ్లాకుందని చెప్పినప్పుడు "ఐవస్ పెట్టి చూస్తారా సార్?" అని అడగాలి. ఖర్చు అదనమే, అయినా అడగాలి.

శిబిరాలు ఆపమని నేననను. నల్గొండ, సూర్యాపేట జిల్లాల వైద్యాధికారులను కోరేది ఒక్కటే. శిబిరంలో ఇచ్చే ప్రతి ఎకో రిపోర్టు కింద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఈ మాట అచ్చు వేయించండి: "ఈ పరీక్షలో గుండె రక్తనాళాల బ్లాకులు చూడలేదు. నడిస్తే ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే డాక్టరుకు చెప్పండి. నొప్పి తగ్గకుంటే 108కి ఫోన్ చేయండి."